చెక్కుతూ పోయిన విల్లు

బాణం వేళ్ళ కొసల నుంచి జారిన క్షణంలోనే దుప్పి ఒక అడుగు ముందుకు వేసింది. ఒక్కటే అడుగు. నేను చూపు నిలిపింది ముందుకాలి వెనక, ఊపిరితిత్తులుండే చోట. ఆ అడుగు వల్ల బాణం అక్కడ కాక జానెడు వెనగ్గా దిగింది. దిగిన చప్పుడు వినబడింది, తడిసిన గోనెసంచిని కర్రతో కొట్టినట్టు, మెత్తగా. దుప్పి వీపు వంచింది, తోక దించుకుంది, పరిగెత్తలేదు. ఏదో మరిచిపోయి వచ్చిన మనిషిలా నెమ్మదిగా నడుచుకుంటూ సెడార్ చెట్ల చిత్తడిలోకి వెళ్ళిపోయింది. పరిగెత్తి ఉంటే బాగుండేది. ఊపిరితిత్తులకు తగిలిన దుప్పి పరిగెత్తుతుంది, పరిగెత్తుతూనే పడిపోతుంది, తనకేమైందో తెలిసేలోపు అయిపోతుంది. నడిచిపోయే దుప్పికి తెలుస్తూనే ఉంటుంది. హెమ్లాక్ చెట్టు మొదట్లో మళ్ళీ కూర్చున్నాను. ఇక ఆగాలి. ఇప్పుడు వెంటపడితే అది భయంతో లేచి ఎక్కడికో పోతుంది, నక్కల పాలవుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే ఎక్కడో పడుకుంటుంది. పడుకున్నది ఇక లేవదు. వేటకు వెళ్ళిన మొదటి రోజుల్లో నేను ఆగలేక లేచి నిలబడితే హెల్మి నా చొక్కా పట్టి కిందికి లాగేది. “కూర్చో ఒన్నీ. దాన్ని కాసేపు ఒంటరిగా వదిలెయ్యి. పాపం, దానికి పనుంది.” ఆ మాటకు అప్పుడు నవ్వాను. మా పెళ్ళి కాకముందు మాట అది. నవ్వినందుకు మోచేత్తో పొడిచింది, డొక్కలో, గట్టిగా. అప్పుడా చేతిలో అంత బలం ఉండేది.

గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. మేపుల్ ఆకులన్నీ రాలిపోయాయి. దూరంగా సుపీరియర్ సరస్సు మీద నుంచి గాలి వస్తోంది, ఆ గాలిలో ఇనుము వాసన వేస్తుందని మా నాన్న అనేవాడు. ఇనుప గనిలో పనిచేసేవాళ్ళకి ఏది ముట్టుకున్నా ఇనుము వాసనే కదా. గని మూసేసి మూడేళ్ళవుతున్నా నాకూ ఆ వాసన వస్తూనే ఉంది. ఫ్లాస్కు మూత తిప్పాను. కాఫీ పోసుకుంటే కాస్త తొణికింది. మోకాలి మీద వేడి మరక. నిన్న సాయంత్రం రూడీ వచ్చాడు. గనిలో నా పక్క షిఫ్టులో ఉండేవాడు, ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు, స్కూలు పిల్లలది. వాకిట్లోకి వస్తూనే తన కప్పీల విల్లు ఎత్తి చూపించాడు, రెండు కొసల్లో రెండు చిన్న కప్పీలు, నడుమ తీగలు, పిడి దగ్గర రంగురంగుల గురిసూదులు, అంతా కలిపి చూస్తే ఎవరో సైకిలును మడతపెట్టినట్టుంటుంది. “ఈ ఒక్కసారికి దీన్ని తీసుకెళ్ళరా ముసలోడా” అన్నాడు. “నిద్ర లేక నీ కళ్ళు చూడు, ఉడకబెట్టిన గుడ్లలా ఉన్నాయి. వేసవంతా నువ్వొక్క బాణమైనా వేశావా? ఆ కర్రముక్క పట్టుకుని వెళ్ళి దుప్పిని గాయం చేసి వదిలేస్తావు, తర్వాత నెలంతా నా బుర్ర తింటావు.” నేనేమన్నాను? “ఊళ్ళో పిల్లలందర్నీ బడికి క్షేమంగా చేర్చు చాలు, నా దుప్పి సంగతి నీకెందుకు” అన్నాను. నవ్వాడు. నవ్వి, కిటికీ వైపు చూసి, కిటికీ వెనక కుర్చీలో హెల్మి ఉందని గుర్తొచ్చి టోపీ తీశాడు. ఎప్పుడూ తీయనివాడు. చర్చిలో కూడా వాళ్ళావిడ తీస్తుంది వాడి టోపీని. ఆ విల్లు తీసుకుని ఉంటే? లాగి పట్టుకుని నింపాదిగా ఆగవచ్చు, దుప్పి అడుగు వేసి మళ్ళీ నిలిచేదాకా. నా విల్లు అలా ఆగనివ్వదు. లాగిన బరువంతా భుజం మీదే ఉంటుంది, లాగిన కాసేపట్లో వదలాలి. వదిలాను. అది అడుగు వేసింది. రూడీ మాటే నిజమైందేమో. ఏమో. కప్పీల విల్లులవాళ్ళ దుప్పులూ అడుగులు వేస్తాయి.

మంచు పడుతోంది. ఒక్కో పలుకు, కాఫీ కప్పులో ఒకటి పడి మాయమైంది. పడకూడదు, ఇప్పుడు కాదు. నెత్తుటి జాడ మీద మంచు కప్పేస్తే ఆ చిత్తడిలో ఏనుగు పడి ఉన్నా కనబడదు. ఆగితే జాడ పోతుంది, ఆగకపోతే దుప్పి పోతుంది. హెల్మి ఉంటే ఏం చేసేది? హెల్మి ఉంటే. అప్పుడే ఈ మాట వచ్చేసింది నాకు. ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీలో ఉంది, వాళ్ళ చెల్లెలు ఇంపి ఆమెకు తల దువ్వుతూ ఉంటుంది ఈపాటికి. ఉన్న మనిషిని ఉంటే అంటున్నాను.

మొదట హెల్మి విల్లుదే తప్పనుకున్నాం. ఆవిరిస్నానం చేసే సౌనా గది పక్కన చిన్న పాకలో నేను చేసిన విల్లు అది, హికరీ కర్రతో, ఆమె కోసమే, ఆమె చేతుల కొలతకు. ఏళ్ళ తరబడి అదే విల్లు, ఎన్ని దుప్పులు, ఎన్ని కుందేళ్ళు. ఒక సెప్టెంబరులో పెరట్లో గడ్డిమోపు మీదికి నాలుగు బాణాలేసి వచ్చి, “చలికాలం ఎండి బిగుసుకుపోయినట్టుంది, కాస్త చెక్కు” అంది. నాకూ అలాగే అనిపించింది, కర్ర బిగుసుకోవడం ఉన్నదే. బల్లకు బిగించి, పగిలిన సీసా పెంకుతో లోపలి వైపు గీకాను, పలచటి పలచటి చుట్టలుగా పొట్టు రాలింది, ఆమె వాటిని ఏరి పొయ్యిలో వేసింది. మంచి వాసన. మళ్ళీ ఏడు మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ చెక్కాను. కర్ర ఏడాదికేడాది బిగుసుకుంటూ పోతుందా ఎక్కడైనా? ఆ మాట నాకు తట్టలేదా, తట్టినా పక్కకు నెట్టానా, ఇప్పుడు చెప్పలేను. కాఫీ కప్పు జారవిడిచింది ఒకరోజు. పిండి కలుపుతూ, యాలకుల రొట్టెకు, కలపలేక ఆపేసి, పిండి వైపే చూస్తూ నిలబడింది. బూట్ల తాళ్ళు కట్టుకోలేక నా వైపు కాలు చాచి, “రాణిగారికి కట్టు” అంది. కట్టాను. అప్పటికి కూడా నవ్వులాటే. డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఒంట్లో కండలు ఒక్కొక్కటే చచ్చుబడతాయన్నాక ఇంటికొచ్చి ఆమె నేరుగా పాకలోకి వెళ్ళింది. గోడ మీద నుంచి విల్లు తీసి, వేలితో తడుముతూ, “ఇంత పలచగా చేశావేంట్రా దీన్ని” అంది. ఏదో విల్లు గురించే అన్నట్టు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే రూడీ తన పాత కప్పీల విల్లు తెచ్చాడు, ఆమెకిచ్చెయ్యడానికే. మంచి మనసుతోనే తెచ్చాడు. వాడి లెక్క వాడిది. సగం దాకా లాగితే చాలు, ఆ పైన బరువంతా కప్పీలే మోసుకుంటాయి, ఇంకో రెండేళ్ళు వేటాడొచ్చు. హెల్మి కాదనలేదు. పెరట్లో నిలబడి లాగింది. లాగి పట్టుకుంది, హాయిగా, నిండా ఊపిరి పీల్చి, వదిలింది. గడ్డిమోపు మధ్యలో వేసిన గుర్తులో దిగింది బాణం. ఇంకోటి. అది దాని పక్కనే. రూడీ చప్పట్లు కొట్టాడు. నా గుండె లేచింది, నిజం చెప్తున్నాను, ఆ క్షణాన నా పాక, నా కర్రలు, నా సీసా పెంకులు అన్నీ తగలబెట్టమంటే తగలబెట్టేవాణ్ణి. ఆమె విల్లు తిరిగి వాడి చేతిలో పెట్టి, “చాలా బాగుంది రూడీ. నాకొద్దు” అంది. ఎందుకని వాడు, ఎందుకని నేను. “ఇది నాకు అబద్ధం చెప్తోంది. నా చేతిలో ఎంత మిగిలిందో నాకు తెలియాలి. కర్ర విల్లు లాగితే తెలుస్తుంది.” రూడీ మొహం చిన్నబోయింది. ఆమె వాడి బుగ్గ గిల్లబోయింది. వేళ్ళు సరిగ్గా కలవలేదు. వాడే వంగి బుగ్గ అందించాడు.

ఆ అక్టోబరులోనే ఆఖరిసారి వచ్చింది నాతో అడవికి. ఇదే చోటు కాదు, వాగుకు అవతల, బీవర్ జంతువులు కొమ్మలు పేర్చి కట్టిన గట్టు దగ్గర. నేను పక్కన కూర్చున్నాను, బాణం లేకుండా. పెద్ద ఆడదుప్పి వచ్చింది, గాలి మావైపు, వెలుతురు దాని పక్కటెముకల మీద, అంతకన్నా మంచి అవకాశం ఇంకెప్పుడు రావాలి. విల్లెత్తి లాగింది. నోటి మూల దాకా రావాల్సిన చెయ్యి గడ్డం దగ్గర ఆగింది. ఆగి, వణికి, మెల్లగా, చప్పుడు కాకుండా వెనక్కి వదిలింది. మళ్ళీ లాగలేదు. దుప్పి నీళ్ళు తాగి, తల విదిలించి, తన దారిన పోయింది. నేనామె వైపు చూడలేక గట్టు వైపు చూస్తున్నాను. “ఇక దీంతో దుప్పిని గిల్లగలను గానీ చంపలేను” అని నవ్వింది, అడవంతా వినబడేలా. వేటలో అంత గట్టిగా నవ్వడం ఆమెను ఎప్పుడూ చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు విల్లు నన్ను మోయమంది. దారంతా నా భుజం పట్టుకుని నడిచింది.

మంచు పెరిగింది. తల మీద, భుజాల మీద, విల్లు మీద. ఎంతసేపైంది? కాఫీ చల్లారిపోయేంత. చాలదు. చాలదని తెలుసు. లేచి, వంగి, చప్పుడు చెయ్యకుండా దుప్పి నిలబడిన చోటికి వెళ్ళాను. బాణం అక్కడే పడి ఉంది, ఒంట్లోంచి దూసుకుపోయి ఫెర్న్ మొక్కల మధ్యలో. సెడార్ పుల్ల, ఈకలు తడిసి అంటుకుపోయి. నెత్తురు ఎర్రగా లేదు, నురగ లేదు. ముదురు రంగు, దాదాపు నల్లగా. కార్జానికి తగిలింది. పోతుంది, తప్పకుండా పోతుంది, కానీ నిదానంగా. ఈ పూటంతా ఆగాల్సిన దెబ్బ ఇది. మంచు ఆగనివ్వదు. ఆకుల మీద చుక్కలు అప్పుడే తెల్లబడుతున్నాయి. ఒకటి కనబడింది, ఇంకోటి. వెళ్ళాలి. చెప్పులు లేనివాడు ముళ్ళలో నడిచినట్టు నడవాలి. అంతే.

హెల్మికి ఊపిరాడని రోజు వస్తే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెడతారట. మిషన్ ఊపిరి పోస్తూ ఉంటుందట. రాత్రీ పగలూ పక్కన ఎవరో ఒకరుండాలి. ఏళ్ళ తరబడి బతికినవాళ్ళున్నారని డాక్టరన్నాడు. నేను ఆ మాటే పట్టుకున్నాను, ఏళ్ళు. హెల్మి వద్దంది. అక్కడే, ఆ గదిలోనే. దార్లో కారులో అడిగాను. మర్నాడు చెంచాతో కాఫీ పడుతూ అడిగాను. అప్పటినుంచి రోజూ పొద్దున అడుగుతూనే ఉన్నాను, రోజూ వద్దంటూనే ఉంది. ఊళ్ళో ఏమనుకుంటున్నారో ఇంపి మోసుకొచ్చింది. కప్పీల విల్లునే ముట్టని మనిషి మిషన్ని ఎందుకు ముట్టుకుంటుంది, పట్టుదల మనిషి, పాతకాలపు మనిషి అని. హెల్మికి ఒళ్ళు మండిపోయింది. అప్పటికి మాట ఇంకా కాస్త స్పష్టంగా ఉండేది. “విల్లు నాకు సరదా. సరదా కాబట్టి నాకు నచ్చినట్టు వేశాను. ఇది సరదా కాదు. రెంటినీ ముడిపెట్టి నన్ను గొప్పదాన్ని చెయ్యొద్దని చెప్పు వాళ్ళకి.” మరి ఎందుకు వద్దు, అని అడిగాను. “కదల్లేను. మాట్లాడలేను. కళ్ళు మాత్రం తెరుచుకుని నీ మొహం చూస్తూ పడుంటాను. నువ్వు నా మొహం చూడలేవు ఒన్నీ. నాకు తెలుసు. వంటింట్లోకి పోయి నిలబడతావు.” నేను కాదన్నాను. అరిచాను కూడా. ఇంపి వచ్చి తలుపు వేసింది. కానీ ఆ అరుపు అరిచిందీ వంటింట్లోంచే.

చుక్క. ఇక్కడ ఆగింది, చుక్కలు గుంపుగా ఉన్నాయి. ఇక్కడినుంచి ఎడమకు. జాడ తీయడంలో ఆమె ముందు నేనెంత, మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకానించి చూసేది, నెత్తురు కనబడకపోతే తలకిందులైన ఆకు కోసం చూసేది. చెంప నేలకు ఆనించాను. మంచు చల్లగా కొరికింది. అదిగో, విరిగిన నాచు, డెక్క జారిన చోటు. చిత్తడి నీళ్ళ అంచున పలచటి గాజులాంటి మంచు పగిలి ఉంది. దాటింది. దాటాను, బూటులోకి నీళ్ళు. లేత సెడార్లు ఎంత దట్టంగా ఉన్నాయంటే విల్లు నిలువుగా పట్టుకుంటేగానీ పోలేను. మంచు ఇక్కడ తక్కువ, కొమ్మలు ఆపుతున్నాయి. పడిపోయిన పెద్ద మాను ఒకటి అడ్డం వచ్చింది, దాని మీదుగా తలెత్తి చూశాను.

ఉంది. రాయి విసిరినంత దూరంలో, మూడు చెట్ల మధ్య పొడి నేల మీద, కాళ్ళు మడిచి, తలెత్తుకుని. ఆవులు సాయంత్రం పడుకున్నట్టు పడుకుని ఉంది. బతికే ఉంది. చెవులు ఇటు తిరిగాయి, అటు తిరిగాయి. గాలి దాని వైపు నుంచే వస్తోంది, నా వాసన అందదు. ఇంకో బాణం వెయ్యాలి. బాణం తొడిగాను. మధ్యలో అన్నీ కొమ్మలే, వేలెడు సందు లేదు, వేస్తే ఏదో కొమ్మకు తగిలి పక్కకు పోతుంది, అది లేస్తుంది, ఇంకెక్కడికో ఈడ్చుకుంటూ పోతుంది. పక్కకు జరిగి చూశాను. అక్కడా లేదు. రూడీ విల్లున్నా లేదు ఆ సందు. బాణం తీసి పొదిలో పెట్టి, మాను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆగడం తప్ప చేసేదేం లేదు. వెనక్కి వెళ్ళొచ్చు, కనబడనంత దూరం వెళ్ళి కూర్చోవచ్చు, ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. వెళ్ళలేదు. దాని ఊపిరి చలికి పొగలా వస్తోంది ముక్కులోంచి. చిన్న చిన్న పొగలు. అది ఏమీ చెయ్యడం లేదు. బాధపడుతున్నట్టూ లేదు, పడనట్టూ లేదు. చెట్ల వంక చూస్తోంది, మంచు పలుకు ముక్కు మీద పడితే నాలుకతో నాకింది. నాకిందది. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుంటే చెయ్యి కదులుతుందని తుడుచుకోలేదు. నేనే కదా చేశాను, నేను చేసింది నేను చూడకపోతే ఎవరు చూస్తారు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అది తల ఒకసారి దించింది, మళ్ళీ ఎత్తింది, నిద్రొస్తుంటే ఆపుకునేవాళ్ళలా. మళ్ళీ దించి ఈసారి ముందుకాళ్ళ మీద ఆనించుకుంది. పొగ వస్తోంది. వస్తోంది. ఇంకొకటి వచ్చింది, చాలా చిన్నది. ఇంకోదాని కోసం చూశాను. చూస్తూనే ఉన్నాను. దుప్పి వీపు మీద మంచు కరగకుండా నిలవడం మొదలయ్యేదాకా చూశాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. దుప్పిని పాకలో వేలాడదీసి, చేతులు కడుక్కుని, కార్జం గిన్నెలో పట్టుకుని లోపలికొచ్చాను. ఇంపి గిన్నె అందుకుని, కార్జం మీది కోత చూసి, నా మొహం చూసింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది, రసం చెయ్యడానికి, నమిలే పనిలేనిది. హెల్మి కిటికీ దగ్గరే ఉంది. జుట్టు దువ్వి, ముడి వేసి ఉంది. నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడామె మాటలు నాకూ ఇంపికీ తప్ప ఇంకెవరికీ అర్థం కావు. ఒక్కో మాటకు మధ్య ఊపిరి తీసుకోవాలి.

“ఎక్కడ... తగిలింది?”

“వెనగ్గా. కార్జానికి.”

“అడుగేసిందా?”

“వేసింది.”

కళ్ళు మూసి తెరిచింది, తెలుసులే అన్నట్టు. “చాలాసేపు... పట్టిందా?”

“పట్టింది. కనబడేంత దగ్గర్లోనే కూర్చున్నాను. పోయేదాకా చూశాను హెల్మీ. ఎక్కడికీ పోలేదు.”

ఆమె నన్ను చూసింది. బూట్లు చూసింది, తడిసి ఉన్నాయి. మళ్ళీ నన్ను చూసింది. దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను. “మిషన్ సంగతి ఇంక అడగను. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇంక నిన్ను విసిగించను.”

మెచ్చుకుంటుందనుకున్నాను. కళ్ళల్లో కోపం వచ్చింది. మొహంలో మిగతాదేదీ కదలదు ఇప్పుడు, కోపమైనా నవ్వైనా కళ్ళల్లోకే రావాలి. ఏదో అంది, అర్థం కాలేదు. వంగి, చెవి నోటి దగ్గర పెట్టాను.

“అడుగు” అంది. ఊపిరి తీసుకుంది. “రోజూ... అడుగు. నేను... వద్దంటాను.” మళ్ళీ ఊపిరి. నేను కదలకుండా ఆగాను. “నువ్వు మానేస్తే... నన్ను అప్పుడే... పంపించేసినట్టుంటుంది.”

ఇంపి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి, ఉప్పు డబ్బా మూత తీస్తూ, పెడుతూ, తీస్తూ ఉంది. నేను వంటింట్లోకి పోలేదు. స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుని, హెల్మి చెయ్యి నా ఒళ్ళోకి తీసుకుని, ఆమె కళ్ళల్లోకి చూస్తూ అడిగాను.

వద్దంది.